మూలమేది? – పాత స్టీరియో కన్సోల్ పునరుద్ధరణపై ఒక నైతిక విచారణ

పాడైన వస్తువును బాగుచేయడాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. గడియారానికి మరమ్మతు చేస్తారు, ఆలయానికి జీర్ణోద్ధరణ చేస్తారు, తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరిస్తారు. మూడింటిలోనూ శిథిలమైనదాన్ని తిరిగి నిలబెట్టడమే జరుగుతుంది. అయినా ఒక్కో మాట ఒక్కో బాధ్యతను సూచిస్తుంది. మరమ్మతులో వస్తువు పనిచేస్తే చాలు. జీర్ణోద్ధరణలో పవిత్రతకు భంగం రాకూడదు. పరిష్కరణలో మూలకర్త మాట చెడకూడదు. ఒకే వస్తువు ఈ మూడు బాధ్యతలనూ ఏకకాలంలో కోరితే బాగుచేసే మనిషి దేనికి కట్టుబడాలన్నది ఈ వ్యాసంలో విచారించదలచిన ప్రశ్న. ఇందుకు 1960 ప్రాంతపు అమెరికన్ స్టీరియో కన్సోల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. తత్త్వచర్చల్లో తరచుగా వినిపించే ఓడ, రథం, వస్త్రం అనే ఉదాహరణల కంటే ఇది చిక్కైనది. ఓడను ఒడ్డున నిలిపి ఆలోచించుకోవచ్చు. కన్సోల్ గురించి తీసుకున్న నిర్ణయం తప్పైతే ఇల్లు అంటుకునే ప్రమాదం ఉంది.

అమెరికాలో స్టీరియో రికార్డులు 1958లో విస్తృతంగా మార్కెట్టులోకి వచ్చాయి. 1961 జూన్‌లో ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారాలు మొదలయ్యాయి. ఆ కాలంలో అక్కడి మధ్యతరగతి ఇళ్లలో గోడవారగా ఒక పొడవాటి చెక్కపెట్టె వెలిసింది. మూత ఎత్తితే రికార్డు ఛేంజరు, రేడియో, లోపల ఆంప్లిఫయరు, రెండు చివరలా స్పీకర్లు. దీని దగ్గరి బంధువును మన దేశంలో రేడియోగ్రామ్ అనేవారు. మాగ్నవాక్స్, ఆర్.సి.ఎ., జెనిత్ వంటి సంస్థలు వీటిని పెద్ద సంఖ్యలో తయారుచేశాయి. మాగ్నవాక్స్ అన్న పేరుకు లాటిన్‌లో మహాస్వరమని అర్థం. ఈ పెట్టె చూపుకు గృహోపకరణం, వినికిడికి వాద్యం, లోపల విద్యుద్యంత్రం.

అరవై ఏళ్లు గడిచాక ఈ మూడూ ఒకే తీరున ముసలివి కావు. అక్రోటు చెక్కపొర వన్నె మారుతుంది, అంచుల్లో గీతలు పడుతుంది, కానీ నిలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్లు చాలావరకు నిలుస్తాయి. ముందుగా చచ్చేవి కెపాసిటర్లు. విద్యుత్ సరఫరాను నునుపు చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు లోపల ఎండిపోతాయి. అప్పుడు పాట వెనుక నుంచి ఎడతెగని గుర్రుమోత మొదలవుతుంది. కాగితం, మైనంతో చేసిన చిన్న కెపాసిటర్లు తేమ పీల్చి కారడం మొదలుపెడతాయి. కార్బన్ రెసిస్టర్ల విలువలు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయి. కొన్ని నమూనాల్లో వాడిన సెలీనియం రెక్టిఫయరు కాలిపోతే వచ్చే పొగ దుర్గంధమే కాదు, విషపూరితం కూడా.

వీటిలో మైనపు కెపాసిటర్‌ను కాస్త నిదానంగా చూడాలి. ఈ వ్యాసంలోని నైతిక చిక్కంతా దానిలోనే ఉంది. ఆంప్లిఫయరులో ఒక వాల్వు నుంచి మరో వాల్వుకు పాట వెళ్లే దారిలో అది నిలబడి ఉంటుంది. మొదటి వాల్వు వద్ద ఉండే ఎక్కువ వోల్టేజిని అవతలికి పోనివ్వకుండా ఆపి, పాటను మాత్రం పంపడం దాని పని. వాకిట్లో కూర్చుని ఎవరిని లోపలికి పంపాలో ఎరిగిన ఇంటి పెద్ద వంటిది అది. అది కారితే, అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ మీద ఉండకూడని ధన వోల్టేజి చేరుతుంది. వాల్వు అదుపు తప్పి అధిక విద్యుత్తును తాగుతుంది, దాని ప్లేటు ఎర్రబడుతుంది. అలాగే వదిలేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. కెపాసిటర్ ఖరీదు స్వల్పం, బజారులో దొరుకుతుంది. ఆ నమూనాకు సరిపోయే ట్రాన్స్‌ఫార్మరు మాత్రం మరో కన్సోల్‌ను చీలిస్తే తప్ప దొరకదు. కాబట్టి మూలవస్తువును యథాతథంగా కాపాడాలన్న పట్టుదలతో పాత కెపాసిటర్‌ను వదిలేసినవాడు మూలవస్తువులోని మరింత విలువైన భాగాన్ని చంపుతున్నాడు. అన్ని అవయవాలూ సమానంగా మూలమే అనే సూత్రం ఇక్కడ తనను తానే కాల్చుకుంటుంది.

దీనికి ఒక సులువైన తప్పుకునే దారి ఉంది: పెట్టెకు విద్యుత్తు ఇవ్వకపోవడం. వస్తుప్రదర్శనశాలల్లో పాత విద్యుత్ పరికరాలను సాధారణంగా మౌనంగానే ఉంచుతారు. అప్పుడు ప్రతి కెపాసిటర్, ప్రతి తీగ, కర్మాగారంలో పెట్టిన ప్రతి టంకం చుక్క చెక్కుచెదరవు. ఈ పద్ధతిని చులకన చేయలేము. రేపటి పరిశోధకునికి ఆ టంకమే సాక్ష్యం. కానీ మనకు మరొక సంప్రదాయం కూడా తెలుసు. అంగవైకల్యం పొందిన విగ్రహాన్ని ఆగమ సంప్రదాయంలో అర్చనకు ఉంచరు, నీటిలో నిమజ్జనం చేస్తారు. అదే విగ్రహం మ్యూజియంలో తల లేకుండానే గౌరవం పొందుతుంది. రెండు చోట్లా భక్తి ఉంది, కానీ దేని మీద అన్నది వేరు. మ్యూజియం రాతిని గౌరవిస్తుంది, ఆలయం అందులో జరగవలసిన క్రియను గౌరవిస్తుంది. మౌనంగా నిలిచిన కన్సోల్ రాతివలె నిజమైనదే, అర్చన లేని విగ్రహమూ అదే. అసంఖ్యాకంగా తయారైన వస్తువులో కొన్ని మౌనంగా ఉండి, మిగిలినవి పాడటం న్యాయమని నా అభిప్రాయం. ఒకే ఒక్క ప్రతి మిగిలిన నమూనా విషయంలో ఇంత ధైర్యంగా చెప్పలేను.

పాడించాలని నిర్ణయించుకున్నాక అసలు ప్రశ్న వస్తుంది. భాగాలు మార్చిన తర్వాత ఇది ఆ కన్సోలేనా? మిలిందపన్హలో నాగసేనుడు రథాన్ని ఒక్కొక్క భాగంగా విడదీసి, ఇరుసూ రథం కాదు, చక్రమూ రథం కాదు అని చూపి, రథమన్నది వ్యవహారనామం మాత్రమేనని రాజుచేత ఒప్పించాడు. న్యాయ వైశేషికులు దీనికి ఎదురునిలిచి అవయవాలకు వేరుగా అవయవి ఉందన్నారు. అయితే అవయవం పోతే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని చెప్పవలసి వచ్చింది. మొదటి వాదం ప్రకారం పోయేదేమీ లేదు. రెండో వాదం ప్రకారం ఒక్క కెపాసిటర్ మార్చినా పాతది పోయినట్టే. బాగుచేసే మనిషికి ఈ రెండూ పనికిరావు. ఏ మార్పు చేయవచ్చు, ఏది చేయకూడదు అన్న తేడాను రెండూ చెప్పవు.

ఆ తేడాను చెప్పడానికి నెల్సన్ గుడ్‌మన్ 1968లో వెలువరించిన లాంగ్వేజెస్ ఆఫ్ ఆర్ట్‌లోని ఒక విభజన ఉపకరిస్తుంది. చిత్రలేఖనంలో ఎంత సూక్ష్మంగా ప్రతి తీసినా అది మూలం కాదు. చిత్రకారుని చేయి తగిలిన ఆ ఒక్క వస్త్రమే మూలం. కావ్యంలో అలా కాదు. అక్షరం తప్పకుండా రాసిన ప్రతి ప్రతిలోనూ ఆ కావ్యమే ఉంటుంది. మొదటిదాన్ని హస్తనిష్ఠమనీ, రెండోదాన్ని లిఖితనిష్ఠమనీ పిలుచుకుందాం. కన్సోల్ విశేషమేమంటే ఒకే వస్తువులో ఈ రెండు సత్తలూ కలిసి ఉండటం. చెక్కపెట్టె హస్తనిష్ఠం: ఆ రేఖలున్న పలక మళ్లీ పుట్టదు. దాన్ని గీకి మెరుగుపెడితే పోయినది తిరిగిరాదు. విద్యుత్పథం లిఖితనిష్ఠం: దానికి సర్క్యూట్ పటమనే పాఠం ఉంది. ఆ పటం 0.022 మైక్రోఫారడ్, 400 వోల్టులు అంటుంది తప్ప ఫలానా రోజున ఫలానా చేతితో చుట్టిన కాగితపు గొట్టాన్ని పేర్కొనదు. అమెరికాలో హోవర్డ్ డబ్ల్యు. శామ్స్ సంస్థ 1946 నుంచి ఇటువంటి పటాలను మరమ్మతుదారుల కోసం వేల సంఖ్యలో అచ్చువేసింది. పటాన్ని అనుసరించి పెట్టిన కొత్త కెపాసిటర్ శిథిలమైన ఆకు నుంచి కొత్త ఆకుకు ఎక్కించిన పద్యం వంటిది. ఆకు మారింది, పద్యం మారలేదు.

తయారీదారుల ఉద్దేశమూ ఇదే. వాల్వులను టంకంతో అతకలేదు, సాకెట్లలో గుచ్చారు. ఆ రోజుల్లో అమెరికాలో మందుల దుకాణాల్లో సైతం వాల్వులను పరీక్షించుకునే యంత్రాలు ఉండేవి. ఇంటివాళ్లే పరీక్షించుకుని కొత్తవి కొనుక్కునేవారు. మార్పు ఈ వస్తువు స్వభావంలోనే ఉంది. అందువల్ల జాన్ రస్కిన్ 1849లో భవనాల పునరుద్ధరణను అసత్యమని నిందించిన మాట చెక్కపెట్టెకు వర్తించినంతగా లోపలి తీగలకు వర్తించదు. ఆయన చూసినది రాతిమీది ఉలి జాడను, అది నిస్సందేహంగా హస్తనిష్ఠమే. ఈ తేడా గమనించక, కన్సోల్ పునరుద్ధరణ పేరుతో చెక్కను ఇసుక కాగితంతో కొత్తగా మెరిపించి, లోపల పాత కెపాసిటర్లను ముట్టుకోకుండా అమ్మేవారు అచ్చంగా తలకిందులు పని చేస్తున్నారు. పోకూడనిది పోగొట్టి, పోవలసినదాన్ని దాచిపెడుతున్నారు.

ఇక్కడొక సున్నితమైన ఆచారాన్ని ప్రస్తావించాలి. కొందరు నిపుణులు పాత కెపాసిటర్ గొట్టాన్ని వేడిచేసి లోపలి సరుకు తీసేసి, దాని కడుపులో చిన్న కొత్త కెపాసిటర్‌ను అమర్చి మైనంతో మూసేస్తారు. చూపుకు అంతా పాతదే. ఇది మోసమా? 1964 నాటి వెనిస్ శాసనం కట్టడాల విషయంలో, కొత్తగా చేర్చినది మొత్తంతో పొసగుతూనే మూలం నుంచి గుర్తుపట్టేలా ఉండాలని చెప్పింది. ఆ లెక్కన ఇది దోషమే. పరిష్కర్త తాను పూరించిన అక్షరాలను కుండలీకరణంలో చూపకుండా మూలంలో కలిపేసినట్టు. కానీ నా దృష్టిలో దోషం గొట్టంలో లేదు. అది అడిగినవారికి చెప్పే మాటలో ఉంది. పెట్టె లోపలి వైపున ఒక కాగితం మీద ఏ భాగం ఎప్పుడు మార్చిందీ రాసి అతికిస్తే ఆ వేషం అలంకారమవుతుంది. రాయకపోతే, ఏమీ మార్చలేదని నమ్మిన తర్వాతి మరమ్మతుదారు తప్పుదారి పడతాడు. ఆ మనిషి ఎవరో, ఎప్పుడు వస్తాడో తెలియదు. అయినా మొదటి బాధ్యత అతనికే. తాళపత్ర లేఖకులు గ్రంథం చివర తమ పేరు, సంవత్సరం, తిథి రాసుకున్నది ఆత్మప్రతిష్ఠ కోసమే కాదు కదా. ఆ పంక్తి వల్లనే ఈనాటి పరిష్కర్త ప్రతులను వంశవృక్షంలో నిలబెట్టగలుగుతున్నాడు.

పటానికే కట్టుబడితే సరిపోతుందా అంటే, చాలదు. నాటి కన్సోళ్లకు రెండు కాళ్ల ప్లగ్గే ఉండేది, ఎర్త్ తీగ ఉండేది కాదు. కొన్నింటిలో మెయిన్స్ తీగకూ లోహపు చట్రానికీ నడుమ ఒక కెపాసిటర్ ఉంటుంది. అది దెబ్బతింటే చట్రమంతా విద్యుత్తుతో నిండుతుంది. అమెరికా మరమ్మతుదారులు దాన్ని మృత్యు కెపాసిటర్ అనే పేరుతోనే పిలుస్తారు. ఇక్కడ పాఠమే దోషయుక్తం. పరిష్కర్త మూలకర్త తప్పును అలాగే నిలిపి పాదసూచికలో చెబుతాడు. కానీ విద్యుత్ షాక్‌కు పాదసూచిక ఉండదు. కనుక ఎర్త్ తీగ, ఫ్యూజు, సురక్షితమైన కెపాసిటర్ చేర్చడం పాఠద్రోహమే అయినా తప్పనిసరి. బ్రతికి ఉన్నవారి ప్రాణం ముందు మూలకర్త అభిప్రాయం రెండోస్థానంలో నిలుస్తుంది. అయితే ఈ మినహాయింపును గేటుగా తెరిచి, ధ్వని మెరుగుదల పేరిట ఆంప్లిఫయరునే తీసివేసి కొత్తది పెట్టేవారున్నారు. అది మరో గ్రంథానికి పాత అట్ట వేయడం. ఇంతకంటే విచారకరమైనది ఇంకొకటి: వాల్వు ఆంప్లిఫయరుకు మంచి ధర పలుకుతుందని దాన్ని ఊడబెరికి అమ్మి, పెట్టెను సీసాల అలమరగా మార్చడం. ఒకదానికోసం ఒకటిగా పుట్టిన స్పీకరు, పెట్టె, ఆంప్లిఫయరు విడిపోయాక మూడూ బతికే ఉంటాయి, కన్సోల్ మాత్రం ఉండదు. అవయవి గురించిన నైయాయికుల మాటలో బలం ఇక్కడ తెలుస్తుంది.

ఇంతవరకూ చెప్పినదానికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. కన్సోల్ చాలాసార్లు అంగడి సరుకుగా కాక వారసత్వంగా చేతికి వస్తుంది. తాతగారి కన్సోల్‌ను మనుమరాలు తీసుకొచ్చి, ముందులా చేయమని అడిగిందనుకుందాం. ఏ ముందు? 1962లో దుకాణంలో పాడిన నాటిదా, 1985లో ఆమె బాల్యంలో హాల్లో పాడిన నాటిదా? రెండోదానిలో గుర్రుమోత ఉంది, ఛేంజరులోని రబ్బరు చక్రం గట్టిపడి స్వరం కొద్దిగా ఊగేది, ఒక స్పీకరు కాస్త మందంగా పలికేది. ఆమె జ్ఞాపకంలోని పాట అదే. ఆలోయిస్ రీగల్ 1903లో ప్రాచీనతకే ఒక విలువ ఉందని, కాలం వేసిన గుర్తులు మనల్ని కదిలిస్తాయని ప్రతిపాదించాడు. ఆ ప్రకారం గుర్రుమోత కూడా చెక్కమీది వన్నె వంటిదే అనాలి. నేను అలా అనుకోవడం లేదు. చెక్కమీది వన్నె చెక్కను చంపదు; గుర్రుమోత ఎండిపోతున్న కెపాసిటర్ ఊపిరి, అది రేపు ట్రాన్స్‌ఫార్మరును తీసుకుపోతుంది. అయినా మనుమరాలి కోరికను తోసిపుచ్చే అధికారం మరమ్మతుదారుకు పటం ఇవ్వదు. పటం 1962ను చెబుతుంది, ఆమె 1985ను అడుగుతోంది. రెండూ ఆ పెట్టె చరిత్రలోనివే.

ఆచరణలో దీనికి సగం పరిష్కారమే ఉంది. ప్రాణానికి, ట్రాన్స్‌ఫార్మరుకు ముప్పు తెచ్చే భాగాలను మార్చక తప్పదు. దానితో గుర్రుమోత పోతుంది, దాన్ని నిలిపే మార్గం లేదు. మందంగా పలికే స్పీకరును, ఆమె కోరితే, అలాగే వదిలేయవచ్చు. చెక్కమీద ఎవరో గ్లాసు పెట్టిన తెల్లని వలయాన్ని తుడిచేముందు ఆమెను అడగాలి. తీసిన పాత భాగాలను పారేయకుండా ఒక సంచిలో కట్టి, తేదీ రాసి పెట్టె అడుగున ఉంచాలి. విద్యుత్తును ఒక్కసారిగా ఇవ్వకుండా సిరీస్ బల్బు ద్వారా ఇచ్చి, బల్బు వెలుగు మందగించే వరకు ఆగాలి. ఆ తర్వాత రికార్డు పెట్టేది మరమ్మతుదారు కాదు, ఆమె.