ఇద్దరిని వదిలేసి రమ్మంటే?

కష్టపడితే గెలుస్తాం, గెలిస్తే బహుమతి వస్తుంది అని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. మరి గెలిచాక, “బహుమతి ఇస్తాం, కానీ ఒక షరతు” అంటే ఏం చేయాలి? ఈ ప్రశ్న 1951లో అమెరికాలోని ఒక కాలేజీ జట్టుకు ఎదురైంది. వాళ్ళు చెప్పిన జవాబు సరైనదా కాదా అన్నదే నా వ్యాసం.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డం వచ్చేవాళ్ళను తప్పించుకుంటూ, తోసుకుంటూ పరుగెత్తే ఆట. ఒక్కో పక్క పదకొండు మంది. ఏటా కాలేజీలు ఒకదానితో ఒకటి ఆడుకున్నాక, బాగా ఆడిన జట్లను కొత్త సంవత్సరం రోజుల్లో ‘బౌల్’ పోటీలకు పిలుస్తారు. ఆ పిలుపు వస్తే పేరూ వస్తుంది, కాలేజీకి డబ్బూ వస్తుంది.

సాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం జట్టు పేరు డాన్స్. కోచ్ జో కుహారిచ్. 1951లో వాళ్ళు తొమ్మిది మ్యాచ్‌లు ఆడి తొమ్మిదీ గెలిచారు. ఆలీ మాట్సన్ ఆ ఏడాది బంతితో 1,566 గజాలు పరుగెత్తి దేశం మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచాడు. బర్ల్ టోలర్ ఎదుటివాళ్ళను ఆపడంలో గట్టివాడు. వీళ్ళిద్దరూ నల్లజాతివాళ్ళు.

అప్పట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తెల్లపిల్లలకు ఒక బడి, నల్లపిల్లలకు వేరే బడి. ఆ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది 1954లో. పెద్ద బౌల్ పోటీలు చాలావరకు దక్షిణాదిలోనే జరిగేవి. ఆటగాళ్ళు తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, వాళ్ళకు అందిన కబురు ఇది: మాట్సన్‌నీ టోలర్‌నీ వదిలేసి వస్తే పిలుస్తాం. జట్టు రామంది. పదో మ్యాచ్ లేదు. జట్టు నడపడానికి డబ్బు చాలక, ఆ సీజన్ తర్వాత విశ్వవిద్యాలయం ఆ ఆటనే ఆపేసింది.

ఈ సంగతి ఇంట్లో చెబితే మా నాయన వెంటనే ఒప్పుకోలేదు. “అది కాదమ్మా, ఇద్దరి కోసం అంతమంది నష్టపోవాలా? వెళ్ళి ఆడి, వచ్చిన డబ్బుతో జట్టును నిలబెట్టుకుని ఉంటే ఆ తర్వాత ఎంతమంది పిల్లలకు ఆడే దారి దొరికేది? ఆ ఇద్దరికీ దొరికేది కదా” అన్నాడు. ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. జట్టు పోవడం వల్ల నష్టపోయినవాళ్ళలో ఆ నిర్ణయంతో సంబంధం లేని చిన్న తరగతులవాళ్ళు కూడా ఉంటారు. మంచి పని చేస్తే చివరికి మంచే జరుగుతుందని చెప్పి తప్పించుకోవడానికి ఇక్కడ వీల్లేదు.

అయినా నాయన లెక్కలో ఒకటి తప్పిపోయిందని నాకు అనిపిస్తుంది. ఆయన ఎంతమందికి నష్టం అని లెక్కపెట్టాడు. ఆ నష్టం ఎవరి చేతి మీదుగా జరగాలి అన్నది లెక్కపెట్టలేదు. నల్లవాళ్ళు మా మైదానంలోకి రాకూడదు అన్నది పోటీ నడిపేవాళ్ళ తప్పు. కానీ వాళ్ళు ఆ పని తామే చేయడం లేదు. “మీరే వాళ్ళను ఆపి రండి” అని జట్టుకు అప్పగిస్తున్నారు. జట్టు సరే అంటే, అప్పటిదాకా ఇంకొకరిదిగా ఉన్న తప్పు వీళ్ళది కూడా అవుతుంది. అన్యాయాన్ని ఆపలేకపోవడం వేరు, దానికి చెయ్యి అందించడం వేరు. మొదటిది కొన్నిసార్లు మన చేతుల్లో ఉండదు. రెండోది ఎప్పుడూ మన చేతుల్లోనే ఉంటుంది.

మా క్లాసులో ఒక స్నేహితురాలు ఇంకో ప్రశ్న వేసింది. “ఆ ఇద్దరినే అడగొచ్చు కదా? మీరు వెళ్ళండి అని వాళ్ళే అంటే గొడవే ఉండదు.” బాగా ఆలోచిస్తే ఇది అన్నిటికంటే కష్టమైన దారి, అదీ ఆ ఇద్దరికే. వద్దంటే, మా వల్ల అందరి అవకాశం పోయిందే అని బాధ. సరే అంటే, అవమానాన్ని తామే ఒప్పుకున్నట్టు. పైగా మర్యాద తెలిసినవాడు చాలాసార్లు “నా గురించి ఆలోచించకండి” అనే అంటాడు. ఆ మర్యాదను అడ్డం పెట్టుకుని మనం బస్సు ఎక్కితే, బరువంతా వాళ్ళ నెత్తిన పెట్టినట్టే.

ఎవరినీ ఎప్పుడూ పక్కన పెట్టకూడదా అంటే, అలా అనడం లేదు. కబడ్డీకి ఏడుగురినే తీసుకుంటారు, ఆట చూసి తీసుకుంటారు. ఎనిమిదోవాడికి బాధ ఉంటుంది కానీ అవమానం ఉండదు, వచ్చే ఏడు బాగా ఆడి రావచ్చు. పుట్టుక చూసి ఆపితే, ఎంత ఆడినా లోపలికి రాలేడు. మాట్సన్ కంటే ఎక్కువ పరుగెత్తినవాడు ఆ ఏడాది దేశంలోనే లేడు.

మాట్సన్ 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచాడు. తర్వాత పెద్ద ఆటగాడయ్యాడు. టోలర్‌కు అదే ఏడాది మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. ఆయన సాన్ ఫ్రాన్సిస్కోలో ఉపాధ్యాయుడై, ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగులో మొట్టమొదటి నల్లజాతి మ్యాచ్ అధికారి ఆయనే. ఇవన్నీ వాళ్ళు కష్టపడి తెచ్చుకున్నవి. ఆ బౌల్ ఆట మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.

ఈ రాష్ట్రంలో తెలుగు చదివే మనం సంఖ్యలో తక్కువ. “కొద్దిమంది కోసం అందరూ ఎందుకు ఇబ్బంది పడాలి” అనే మాట మనకు ఎక్కడ తగులుతుందో మనకు తెలుసు. కానీ మనమూ ఎక్కడో ఒకచోట ఎక్కువమందిమే. ఫలానా ఇంటివాళ్ళను పిలవకుండా ఉంటే మేం వస్తాం అని పెళ్ళిలో చుట్టాలు అన్నప్పుడు, ఫలానా పిల్ల లేకపోతే మీ గుంపులో చేరతాం అని క్లాసులో ఎవరైనా అన్నప్పుడు, మన దగ్గరికి వచ్చేది డాన్స్ జట్టుకు వచ్చిన కబురే. ఆ పూట మన నోట ఏ మాట వస్తుందన్నది అప్పటికప్పుడు తేలేది కాదు. అంతకు ముందు రోజుల్లో ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నామో దాన్నిబట్టి ఉంటుంది.