అమ్మవ్వ



గోదావరి డెల్టాలోని భక్తులకు జగన్మాత దూరమున లేదు. మండపేటనుండి రామచంద్రపురము మీదుగా పోయినచో దాక్షారామము వచ్చును. పంచారామములలో నొకటియైన ఆ క్షేత్రమున భీమేశ్వరునితోపాటు మాణిక్యాంబ కొలువై యున్నది. అష్టాదశ శక్తిపీఠములలో ఆమె పీఠ మొకటి. శరన్నవరాత్రులలో కుంకుమపూజకై అచ్చటికి పోవుట మంచిదే. కాని అమ్మవారి పాదములకు మ్రొక్కి వచ్చినవారు ఇంటిలోని అమ్మను ఎట్లు చూచుచున్నారనునది వేఱు ప్రశ్న.

ఆ దాక్షారామమే వీరశైవులకు మఱియొక విధమునను పుణ్యభూమి. శివతత్త్వసారకర్త యగు మల్లికార్జున పండితారాధ్యులు 12వ శతాబ్దమున అచ్చటి భీమన పండితునకును గౌరాంబకును జన్మించిరని సంప్రదాయము. వారి చరిత్రమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుడే బసవపురాణమునందు బెజ్జమహాదేవి కథను చెప్పెను. తల్లిని గూర్చి తెలుగున ఇంతకంటె వింతయైన భక్తికథ అరుదు.

బెజ్జమహాదేవికి ఒకనాడు ఒక చింత కలిగినది. లోకమున అందఱికిని తల్లులున్నారు, శివునికి మాత్రము లేదు. తల్లి బ్రతికియున్నచో కుమారుని శ్మశానమున తిరుగనిచ్చెడిదా? కాలకూటమును నోట పెట్టుకొనుచుండ చూచి ఊరకుండెడిదా? పాములను మెడకు చుట్టుకొన్నను, ఇల్లిల్లు తిరిగి బిచ్చమెత్తినను సహించెడిదా? ఇట్లు తలపోసి ఆమె తానే ఆయనకు తల్లి యయ్యెను. లింగమునే శిశువుగా ఒడిలో నుంచుకొని, నూనె యంటి, నీళ్లు పోసి, పాలుపట్టి, జోకొట్టి పెంచెను. శివుడు ఆమె ప్రేమను పరీక్షింపగోరి అంగిటిముల్లు వచ్చిన బిడ్డవలె పాలు ముట్టక యుండెను. ఆ తల్లి తల్లడిల్లి ప్రాణములు విడువబోవగా ఆయన ప్రత్యక్షమయ్యెను. నాటినుండి ఆమెకు అమ్మవ్వ యను పేరు కలిగెను.

భక్తుడు దేవుని తల్లీ యని పిలుచుట ఎల్లయెడల నున్నదే. ఇచ్చట దేవుడే బిడ్డ. శక్తి ఆయన శరీరమున సగమై యున్నది, ఐనను తల్లి లేదు! ఆ కొఱతను తీర్చుటకు అమ్మవ్వ యాగము చేయలేదు, యోగము పట్టలేదు. ఏ ఇంటి తల్లియైనను చంటిబిడ్డకు చేయుపనినే చేసెను.

బసవేశ్వరుడు స్త్రీలకు స్తోత్రముతో సరిపెట్టలేదు, లింగము నిచ్చెను. అనుభవమంటపమున అక్కమహాదేవి, ముక్తాయక్క వంటివారు పురుషులతో సమముగా తత్త్వచర్చ చేసిరి. రాలిన బియ్యము నేరుకొని జీవించిన మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు, ఎక్కడివి అక్కడనే పోసి రమ్మనిన ఇల్లాలు లక్కమ్మ. బియ్యపు మిల్లుల ఊరైన మండపేటవారు ఆమెను తఱచు తలచుకొనవచ్చును. లింగధారికి జనన, మరణ, రజస్సు మొదలగు పంచసూతకములు లేవని శరణులు స్పష్టముగా చెప్పిరి. అట్లుండగా నెలకు మూడునాళ్లు ఇంటి స్త్రీని లింగపూజకు దూరముగా నుంచుట ఎవరినుండి నేర్చుకొన్న ఆచారము?

గర్భలింగధారణ సంస్కారమును గమనింపుడు. ఎనిమిదవ మాసమున గర్భస్థశిశువునకై గురువు లింగమును ప్రసాదించును. ఆనాటికి ఆ శిశువు ఆడో మగో ఎవరికిని తెలియదు, తెలియ నక్కఱయు లేదు. గురుహస్తము ఆ శిశువును చేరుటకు తల్లి దేహమే మార్గము. పుట్టువునకు ముందే సమానత్వము నిచ్చిన సంస్కార మిది. గర్భమున లింగధారణ జరుగవలసినచోట, 1994 నాటి చట్టము నిషేధించిన లింగనిర్ధారణకై ప్రాకులాడువారు విభూతి నెట్లు ధరింతురో!

అంత పాపము చేయనివారిలోను ఒక అలసత్వము కలదు. కుమారునకు దీక్ష సకాలమున జరుగును. కుమార్తె విషయమున మాత్రము అత్తవారింట చూచుకొందురులే యని పెద్దలు వాయిదా వేయుదురు. అత్తవారును అదే తలంపుతో ఆమె పుట్టింటివంక చూతురు. ఈ నడుమ ఆమెయే తల్లియై బిడ్డకు లింగపూజ నేర్పవలసిన కాలము వచ్చును. తనకు లేనిదానిని ఆమె ఎట్లు నేర్పును?

కుంకుమపూజకు పళ్లెరము సర్దుచున్న ఇంట, ఆడుబిడ్డ మెడలో లింగ మున్నదో లేదో ముందుగా చూడవలెను. లేనిచో మఠమునకు కబురంపి గురువును పిలిపింపవచ్చును. దానికి పెండ్లి ముహూర్తము వఱకు ఆగ నక్కఱలేదు.