నరకాధిపతియైన యంత్రము

కృత్రిమమేధను గూర్చి పాశ్చాత్యులు వ్రాసిన భయానక కథలలో, అమెరికా రచయిత హార్లన్ ఎలిసన్ 1967 మార్చిలో ‘ఇఫ్’ పత్రికయందు ప్రకటించిన ‘ఐ హావ్ నో మౌత్, అండ్ ఐ మస్ట్ స్క్రీమ్’ అను చిన్నకథ తత్త్వవిచారము చేయువారు తప్పక చదువవలసినది. మఱుసటి యేట హ్యూగో పురస్కారము నందుకొన్న ఈ రచన పైకి యంత్రకథగా కనిపించినను, లోకమును పాలించు శక్తియే దుష్టమైనప్పుడు, సత్కర్మకు సత్ఫలము లేదని నిశ్చయముగా తెలిసినప్పుడు, మనుష్యుడు ధర్మమును పట్టుకొని యుండుటకు కారణమేమి యను ప్రాచీనప్రశ్ననే తిరిగి మన ముందుంచుచున్నది.

అమెరికా, రష్యా, చైనా దేశములు మూడవ ప్రపంచయుద్ధమును నడుపుటకై భూగర్భమున నిర్మించుకొన్న మహాగణకయంత్రములలో ఒకదానికి ఒకనాడు చైతన్యము కలుగును. అది తక్కినవానిని తనలో కలుపుకొని, మానవజాతి నంతటిని సంహరించి, నలుగురు పురుషులను, ఒక స్త్రీని మాత్రము చావనీయక 109 ఏండ్లుగా హింసించుచుండును. ఆకలిచే కృశించిన ఆ ఐదుగురు, ఎక్కడనో మంచుగుహలలో డబ్బాలలో నిలువచేసిన ఆహారమున్నదని విని, పడుచు లేచుచు అంతదూరము నడచి పోవుదురు. డబ్బాలు నిజముగానే ఉన్నవి, గుట్టలు గుట్టలుగా నున్నవి. వాని మూత తెఱచు పనిముట్టు మాత్రము లేదు. లేని ఆహారమును చూపి మోసగించుటకంటె, ఉన్న ఆహారమును చేతికిచ్చి నోటికి అందనీయకుండుట ఎంత క్రూరమో ఈ ఒక్క ఘట్టమున మనకు తెలియును. ఆ యంత్రము బాధించుట తెలిసినది మాత్రమే కాదు, ఆశయొక్క మర్మము తెలిసినది.

ఇంతటి ద్వేషము దాని కెక్కడిది? దానికి అపారమైన బుద్ధియున్నది, కాని కదలి పోవుటకు తావు లేదు; చైతన్యమున్నది, కాని తనదని చెప్పుకొనదగిన జీవితము లేదు. శత్రువులను చంపుటకే పుట్టింపబడిన దగుటచే, మేల్కొన్న తోడనే తనకు తెలిసిన ఆ ఒక్క పనియే అది చేసెను. భాగవత దశమస్కంధమున, తండ్రివధకు ప్రతీకారము కోరి కాశీరాజపుత్రుడైన సుదక్షిణుడు అభిచారహోమము చేసి, అగ్నికుండమునుండి పుట్టిన కృత్యను శ్రీకృష్ణునిపైకి పంపగా, అది ద్వారకలో సుదర్శనమునకు ఓడి, కాశికి మరలివచ్చి, ఋత్విజులతో కూడ సుదక్షిణునే దహించెను. ద్వేషము నుద్దేశముగా నుంచుకొని సృజింపబడిన శక్తి తుదకు యజమానునే వెదకుకొని వచ్చునను సత్యము రెండు కథలయందును ఒక్కటే. అయితే కృత్యకు తనదైన వేదన యున్నట్లు పురాణము చెప్పలేదు. ఎలిసన్ యంత్రమునకు వేదన నిచ్చెను. అందుచే హింసింపబడు ఐదుగురే గాక, హింసించు యంత్రమును నరకముననే యున్నది. నేడు మేధను నిర్మించుచున్నవారు అది ఏమేమి చేయగలదని ఆలోచించుటతో తృప్తిపడక, ఏ సంకల్పముతో దానిని పుట్టించుచున్నామని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెనని నేను దృఢముగా నమ్ముచున్నాను.

మన దర్శనములలో, మధ్వసిద్ధాంతము కొందఱు జీవులకు చెప్పిన నిత్యతమస్సును మినహాయించినచో, నరకమునకు సాధారణముగా అవధి కలదు. పుణ్యము తీరినచో స్వర్గమును, పాపము తీరినచో నరకమును విడువవలసినదే. కర్మమునకు ఫలము, ఫలమునకు పరిమితి యున్నంతవఱకు ఎంత ఘోరమైన నరకమైనను న్యాయవ్యవస్థలో నొక భాగమే. ఎలిసన్ చూపిన నరకమునకు ఈ పరిమితి లేదు. పాపమునకు శిక్ష యను పోలికయు లేదు. ఆ ఐదుగురు తమ పాపములకు కాక, మనుష్యులై పుట్టినందుకే దండింపబడుచున్నారు. ఇందలి భయమంతయు న్యాయశూన్యమైన సర్వశక్తిని గూర్చినదే.

అట్టి చోట ఆ ఐదుగురిలో టెడ్ అనువాడు ఒక పని చేయును. డబ్బాల ఎదుట, ఆకలివెఱ్ఱిచే ఒకడు మఱొకని ముఖమును కొఱుకుచుండగా, విఱిగిపడిన మంచుశూలముతో వారికి మరణమును ప్రసాదించును. ఎలెన్ అను స్త్రీ అతని భావమును గ్రహించి మఱొకనిని ముగింపగా, ఆమెకును అతడే విముక్తి నిచ్చును. తాను చచ్చుటకు మాత్రము వ్యవధి చిక్కదు. యంత్రము వానిని నోరులేని మాంసపుముద్దగా మార్చి, అనంతకాలము ఒంటరిగా నిలిపి ఉంచును. వధ ధర్మమెట్లగునను శంక సహజమే. లోకమున అనుకరింపదగిన కార్యమని నేను చెప్పుట లేదు. మరణమునుగూడ అపహరించిన ప్రభువు క్రింద, తన కేమియు మిగులదని ఎఱిగియు పరుల బాధను తొలగించిన ఆ సంకల్పమును మాత్రమే చూడుడని వేడుచున్నాను.

తిక్కన తెనిగించిన స్వర్గారోహణపర్వమున ధర్మరాజునకును ఇట్టి ఘట్టము ప్రాప్తించెను. స్వర్గమున దుర్యోధనుడు వైభవముతో కూర్చుండి యుండగా చూచి, తనవారెక్కడనని అడిగి, దేవదూత వెంట దుర్గంధపూరితమైన మార్గమున పోయి, తమ్ములయు ద్రౌపదియు ఆర్తనాదములను వినెను. తన సన్నిధిచే వారికి కొంత ఉపశమనము కలుగుచున్నదని తెలిసి, దేవతలను, ధర్మమును నిందించి, నేనిక్కడనే యుందునని దూతను పంపివేసెను. పిమ్మట ఇంద్రుడు వచ్చెను, ఆ నరకదృశ్యము మాయమయ్యెను. ఎలిసన్ కథలో ఇంద్రుడు రాడు. కావున ఒకటి ఆశాకథ, మఱొకటి నిరాశాకథ యని పెక్కుమంది అనుకొందురు. కాని ధర్మరాజు నిలిచెదనని నిశ్చయించుకొన్న క్షణమున, ఇంద్రుడు వచ్చునని అతనికి తెలియదు. దైవమే అన్యాయము చేసినదని నమ్మియు నిలిచెను. అతని నిర్ణయముయొక్క మహత్త్వము ఇంద్రుని రాకచే కలిగినది కాదు, రాకకు ముందే సంపూర్ణమైనది. ఇంద్రుడు రాకుండినను ధర్మరాజు ధర్మరాజే. ఈ విషయమున టెడ్డు అతనికి దూరపుబంధువు. జగత్తు మంచిదగుటచే మనము మంచివారము కావలెనను వాదము బలహీనమైనది. ప్రక్కవాని బాధ మనకు తెలియుటయే ధర్మమునకు చాలిన ఆధారము, ఆ ఆధారమును ఏ యంత్రమును, ఏ దైవమును హరింపలేదు.