ఖాళీ చేసిన చోటు

పసివాణ్ణి చూడగానే 'తండ్రిని అచ్చు గుద్దినట్టున్నాడు' అంటాం. అచ్చు అనగానే మనకు తోచేది మురుకుల గొట్టంలో వేసే బిళ్ళో, గులాబీ పువ్వులు వేసే గుత్తో. ముందు అచ్చు, తర్వాత వస్తువు. ఒక్క బిళ్ళతో వెయ్యి మురుకులు.

వస్తువు ముందు వుండి దాని చుట్టూ అచ్చు పుట్టడం కూడా మన వంటింట్లోనే వుంది. వేరుశనగ పప్పు చెక్క లేదూ? వుడుకు బెల్లప్పాకం పప్పుల చుట్టూ చేరి గట్టిపడుతుంది. ఒక్క పప్పును విరగకుండా వూడదీస్తే అక్కడొక గుంట మిగులుతుంది. పక్కనున్న పప్పును తెచ్చి అందులో పెట్టి చూడండి, సరిగ్గా కూచోదు. అది ఆ పప్పు గుంట.

శాస్త్రవేత్తలు ఈ పనే అణువులతో చేస్తున్నారు. కావలసిన అణువును ద్రవంలో కలిపి, దాని చుట్టూ జెల్ గట్టిపడేలా చేస్తారు. తర్వాత ఆ అణువును కడిగేస్తారు. మిగిలిన ఖాళీకి దాని రూపే వుంటుంది. మళ్ళీ ఎప్పుడైనా పది పదార్థాలు కలిసిన నీళ్ళు పోస్తే, ఆ జెల్ తన పాత చుట్టాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది. 1931లో కీవ్‌లో పొల్యకోవ్ అనే ఆయన సిలికా జెల్‌లో ఈ జ్ఞాపకశక్తిని గమనించాడు. 1949లో అమెరికాలో డికీ రంగు అణువులతో ఇలాంటి జెల్ తయారుచేశాడు. 1972లో జర్మనీలో వుల్ఫ్ ప్లాస్టిక్ జాతి పదార్థాలతో చేసి చూపించాడు. 1993లో స్వీడన్‌లో మోస్‌బాక్ బృందం చేసిన అచ్చు, వుబ్బసానికి ఇచ్చే థియోఫిలిన్‌నూ మన కాఫీలోని కెఫీన్‌నూ వేరుగా గుర్తుపట్టింది. ఆ రెంటికీ తేడా ఎంతనుకున్నారు? ఒక కార్బన్ పరమాణువు, రెండు హైడ్రోజన్ పరమాణువులు. అంతే!

అంత పట్టింపు ఎందుకండీ, అందరినీ ఒకేలా చూడమని కదా పెద్దలు చెప్పారు అంటారేమో. ఉరవకొండ వైపు కాపురానికి వెళ్ళిన ఏ ఇల్లాలినైనా అడగండి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చెరువులెండి బోర్లు లోతుకు దించితే, చాలాచోట్ల నీళ్ళతోపాటు ఫ్లోరైడు కూడా పైకొచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదన్నారు. నాలుకకు అది తెలియదు. ఎముక మరీ అమాయకురాలు. తనలో వుండవలసిన హైడ్రాక్సిల్ అయానూ ఫ్లోరైడు అయానూ దాదాపు ఒకే పరిమాణం కావడంతో, దాని చోటు దీనికి ఇచ్చేస్తుంది. ఏళ్ళు గడిచేసరికి కీళ్ళు పట్టేస్తాయి, నడుం వంగనంటుంది. మనవాడెవరో కానివాడెవడో తెలియకుండా ఇచ్చిన చోటును వుదారత అనగలమా?

కనక గుర్తుపట్టడం మంచి గుణమే. చిక్కల్లా మనుషుల దగ్గర వస్తుంది.

ఈ జెల్‌లకు ఒక జబ్బుంది. కడిగినప్పుడు పాత అణువులు కాసిని లోపలే మిగిలిపోతే, అవి మెల్లిగా బయటికి వూరుతుంటాయి. అప్పుడు ఎదుట పోసిన నీళ్ళలో ఆ పదార్థం లేకపోయినా పరికరం 'వుంది, వుంది' అంటుంది. తన కడుపులో దాచుకున్నదాన్నే ఎదుట చూస్తుందన్న మాట.

వాన మొహం చాటేసిన ఏడు, ఉరవకొండ పల్లెల నుంచి బెంగుళూరు పనులకు పోయేవాళ్ళు ఎందరో. పదహారేళ్ళప్పుడు పోయిన కొడుకు ముప్ఫయ్యేళ్ళవాడై వస్తాడు. తల్లి రాగి సంగటి కెలికి, వూరిబిండి నూరి పెడుతుంది. వాడు సగం తిని లేస్తాడు. 'మారిపోయినావు నాయనా' అని ఆమె కళ్ళు తుడుచుకుంటుంది. ఎదుట కూచున్న మనిషి ఆమెకు కనబడలేదు. మొదటి కోడలు పోయిన ఇంట్లో రెండో కోడలిగా అడుగుపెట్టిన పిల్ల గతీ అంతే. 'ఆ మహాతల్లి చారు పెడితే వీధంతా ఘుమఘుమలాడేది' అని వినీ వినీ, ఆ పిల్ల చారులో ఏం వేస్తోందో ఎవరూ అడగరు.

అయితే పోయినవాళ్ళను మరిచిపొమ్మంటారా అని మీకు కోపం రావచ్చు. న్యాయమైన కోపమే. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. కడగకముందు అణువు జెల్‌లోనే వుంది. అప్పుడా చోటు మరొకదాన్ని పట్టుకోలేదు, అది నిండి వుంది గనక. కడిగాకనే దానికి గుర్తుపట్టే శక్తి వచ్చింది. జెల్ మరీ మెత్తనైతే గుంట కూలిపోతుంది. అది మరుపు. మరీ బిగుసైతే అణువు బయటికే రాదు. అది మొండి దుఃఖం. రెంటికీ మధ్య నిలబడటమే కష్టం.

మరో రకం అచ్చు కూడా చేస్తారు, రసాయన చర్యను తొందరగా జరిపించడానికి. పదార్థం మారుతూ మారుతూ నడుమ ఒక రూపానికి వస్తుంది కదా, దాన్ని పోలిన అణువు చుట్టూ ఈ జెల్‌ను గట్టిపరుస్తారు. మొదటి రూపాన్నే గట్టిగా పట్టుకుంటే మార్పు ముందుకు సాగదు. నడిమి అవస్థకు చోటిస్తే సులువుగా సాగుతుంది. కొత్త కోడలికీ, వూరొదిలి తిరిగొచ్చిన కొడుక్కీ మన ఇళ్ళలో దొరకనిది ఆ నడిమి చోటే.

ఉరవకొండ దగ్గరే పెన్న ఒడ్డున పెన్నహోబిలం వుంది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆలయాన్ని స్వామివారి పాదముద్ర మీద కట్టారని ప్రతీతి. ముద్ర పొడవు 5 అడుగుల 3 అంగుళాలంటారు. జనం మొక్కేది ఆ ముద్రకు. స్వామి అడుగు తియ్యకుండా అక్కడే నిలబడి వుంటే ముద్ర ఎవరికి కనిపించేది? అడుగు కదిలిపోయింది, ఆనవాలు నిలిచింది. దాన్నెవరూ పూడ్చలేదు, అందులో ఇంకొకరి కాలు పెట్టి సరిపోయిందా లేదా అని చూడనూ లేదు.

పోయినవాళ్ళ చోటును మనమూ అలాగే వుంచుకోవచ్చు. పక్కనే ఈ పిల్లకూ ఒక చోటు పుట్టనివ్వాలి. దానికేం పెద్ద వేదాంతం అక్కర్లేదు. ఈ పూట ఆమె చారు వడ్డించినప్పుడు, ఆ చారు ఎలా వుందో చెప్పండి, చాలు.