ముసుగు వెనుక మనిషి: స్కూబీ డూ లేవనెత్తిన ప్రశ్న

‘స్కూబీ డూ, వేర్ ఆర్ యు!’ కార్టూన్ ధారావాహిక 1969 సెప్టెంబర్ 13న అమెరికాలోని సీబీఎస్‌లో మొదలైంది. హానా-బార్బెరా సంస్థ కోసం జో రూబీ, కెన్ స్పియర్స్ దీన్ని రూపొందించారు. శనివారం ఉదయం వచ్చే కార్టూన్లలో కొట్లాటలు మితిమీరాయని తల్లిదండ్రుల సంఘాలు గట్టిగా అభ్యంతరపెడుతున్న రోజులవి. అందుకే హాస్యం పాలు పెంచి, నలుగురు యువతీయువకులనూ ఒక పిరికి కుక్కనూ దయ్యాల ఆరా తీయడానికి పంపారు. కథ చివర్లో దయ్యం ముసుగు ఊడదీస్తే లోపల మనిషి ఉంటాడు. ఈ నవ్వుల కథల్లో తత్త్వశాస్త్రానికి చెందిన పాత ప్రశ్న ఒకటి దాగి ఉంది. అద్భుతం కళ్లెదుటే జరిగినట్టు కనిపిస్తే నమ్మవచ్చా?

మొదటి కథలో పున్నమి రాత్రి ప్రాణం పోసుకుంటుందని పేరున్న నల్ల కవచమొకటి మ్యూజియంలో నిజంగానే నడుస్తుంది. బృందంలోని షాగీ, కుక్క స్కూబీ హడలిపోయి పరుగెత్తుతారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు. ప్రత్యక్షం ఉంది, దాని మీద కట్టుకున్న నిర్ణయమే తప్పు. దొరికిన వింత కళ్లజోడు, గోడ మీంచి మాయమైన చిత్రపటం అసలు దారి చూపిస్తాయి. చివరికి శిరస్త్రాణం కింద మ్యూజియం అధికారి వికిల్స్ బయటపడతాడు. అసలు చిత్రాలను కాజేసి నకిలీలు తగిలిస్తున్నది అతడే. భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం తన పదహారు పదార్థాల్లో సంశయాన్ని కూడా లెక్కించింది. సంశయం లేనిచోట విచారణకు పనే ఉండదు. ఈ బృందం భయాన్ని సంశయంగా మార్చుకోవడంలోనే దాని గొప్పతనముంది.

తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో వాదించింది కూడా దాదాపు ఇదే. అద్భుతం జరిగిందనడం కంటే, చెప్పినవారు పొరబడ్డారనో మోసగించారనో అనుకోవడమే సబబుగా ఉన్నంతకాలం అద్భుతాన్ని ఒప్పుకోకూడదన్నాడు. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ 1995లో వెలువడిన తన పుస్తకంలో స్కూబీ డూను మెచ్చుకుని, పెద్దలకూ ఇలాంటి కార్యక్రమం ఉంటే మేలని భావించాడు. అయితే తొలి ధారావాహికలోని 25 కథల్లో ముసుగే దొరికినా, 26వ సారీ అదే దొరుకుతుందని తర్కం హామీ ఇవ్వలేదు. అనుభవం నుంచి సార్వత్రిక సూత్రం తీయడంలోని ఈ చిక్కునూ చూపింది హ్యూమే. కాబట్టి ఈ కథలను నాస్తిక బోధగా చదవడం పొరపాటు. ఐతిహ్యాన్ని నమ్మిన ఊరివారికి ఇక్కడ శిక్ష పడదు. ఆ నమ్మకాన్ని దోపిడీకి వాడుకున్నవాడే దొరికిపోతాడు.

తర్వాతి రూపాంతరాలు ఈ చట్రాన్ని కదిలించాయి. 1985 నాటి ‘ది 13 గోస్ట్స్ ఆఫ్ స్కూబీ డూ’లో దయ్యాలు నిజమైనవే. అక్కడ విచారణ పోయి వేట మిగిలింది, తాత్త్వికంగా అది పలుచనైన ప్రయత్నం. 1998లో నేరుగా వీడియోగా విడుదలైన ‘స్కూబీ డూ ఆన్ జాంబీ ఐలాండ్’ అలా కాదు. లూసియానాలోని ఒక దీవిలో లేచిన శవాన్ని బృందంలోని ఫ్రెడ్ పట్టుకుని, అలవాటు కొద్దీ అనుమానితుల పేర్లు చెబుతూ ముసుగు లాగుతాడు. తల ఊడి చేతికొస్తుంది. పరీక్ష ఎప్పటిదే, ఫలితం మాత్రం మారింది. మారిన ఫలితాన్ని ఒప్పుకోవడం కూడా హేతుబుద్ధిలో భాగమే. పైగా ఆ శవాలు హాని చేసేవి కావు, వచ్చినవారిని హెచ్చరించడానికి లేచిన బాధితులు. ప్రాణాలు తీస్తున్నది ఆదరంగా ఆతిథ్యమిచ్చిన గృహస్థురాలూ ఆమె పరిచారికా.

2010లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైన ‘మిస్టరీ ఇన్‌కార్పొరేటెడ్’ బూటకపు దయ్యం, నిజమైన దయ్యం అనే రెండు పక్షాలనూ ఒకే ఊళ్లో పెట్టింది. క్రిస్టల్ కోవ్ పట్టణం దయ్యాల పేరు చెప్పుకుని పర్యాటకుల మీద బతుకుతుంది. ముసుగులు తీసేకొద్దీ రాబడికి గండి పడుతుందని పెద్దలు ఆ పిల్లల మీద కోప్పడతారు. వేషాలు వేసేది మనుషులే అయినా, పట్టణం అడుగున నిజంగానే ఒక దుష్టశక్తి బందీగా ఉంటుంది. మొదటి భాగం ముగింపులో ఊడిన ముసుగు వెనుక ఉన్నది ఊరి మేయరు. ఫ్రెడ్‌ను కన్నకొడుకని నమ్మించి పెంచినవాడు అతడే.