పట్టూ విడుపూ

ఒకావిడ కూతుర్ని గొప్పింటికిచ్చింది. ఎత్తైన ప్రహరీ, గేటు దగ్గర కాపలా. ఆ ఇంట్లో ఎవరికీ ఆవకాయ పెట్టడం చేతకాదు. పాళ్లన్నీ వివరంగా రాసి బారెడు ఉత్తరం పంపాలనుకుంది తల్లి.

గోడలు దూకడంలో ఆరితేరిన దొంగను మొదట పంపింది. ఉత్తరం చేరింది. రెండోసారి వెళ్లేసరికి కుక్కలు వాసన పట్టేశాయి, ఊరంతా లేచింది. తర్వాత ఒక మొరటువాడు గునపంతో గోడకు కన్నం వేశాడు. ఉత్తరం లోపల పడింది గానీ ఇల్లే ఒరిగిపోయింది.

మూడోవాడు నమ్మినబంటు. ఉత్తరాన్ని ఉండలా చుట్టి గుప్పిట్లో బిగించాడు. కాపలావాడు అతణ్ని ముందుగదిలో కూర్చోబెట్టాడు. ఆ గదిలో పొద్దెక్కేకొద్దీ సెగ పెరుగుతుంది; సాయంత్రానికి అందులో మిగిలినదల్లా మసే. సెగ తగిలినా బంటు గుప్పిట విప్పలేదు. ఉత్తరం భద్రంగా బూడిదైంది.

చివరికి కుంకుడుకాయలమ్మే ముసలమ్మ వెళ్లింది. గేటు దగ్గర ఎవరితోనూ పేచీ లేదు. ముందుగదిలో ఒద్దికగా కూర్చుంది. సెగ తగలగానే లేచి, వంటింటివైపు జిడ్డుగోడకు కుంకుడు రసం పూసింది. గోడ మెత్తబడిన చోట ఉత్తరాన్ని అటు జారవిడిచింది. ఆ ఏడు ఆ ఇంట ఆవకాయ పెట్టారు.

నీతి: పట్టుకోవడం తెలిస్తే చాలదు, ఎక్కడ వదలాలో తెలియాలి.

కణంలోకి జన్యువును చేర్చేవాళ్ల పాట్లు ఇవే. దొంగ వైరస్. 1999లో అమెరికాలో 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ ఎడినోవైరస్ వాహకం మీద శరీరం చేసిన తిరుగుబాటుకే చనిపోయాడు. కుంకుడును కథలోకి ఊరికే తేలేదు. అందులోని సపోనిన్లు సర్ఫాక్టెంట్లే: ఒక కొస నీటికి, ఇంకో కొస నూనెకు చుట్టం. ఆ నీటి కొసకు ధనావేశం ఇస్తే ఋణావేశపు డీఎన్‌ఏ దానికి అతుక్కుని, నమ్మినబంటు గుప్పిట్లోని ఉత్తరంలా ఉండకడుతుంది. 1987లో ఫిలిప్ ఫెల్గ్‌నర్ బృందం డాట్మా అనే ధనావేశ కొవ్వుతో కణాల్లోకి డీఎన్‌ఏను పంపింది. కానీ సీటీఏబీ లాంటి ఒంటితోక సర్ఫాక్టెంటయితే గునపమే, కణపు పొరనే కరిగించేస్తుంది. శాశ్వతంగా ధనావేశం మోసేవాటికి విషగుణం ఎంతోకొంత తప్పదు.

అందుకే ఇప్పుడు ముసలమ్మ లాంటివాటిని తయారుచేస్తున్నారు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పటిసిరాన్ మందులోని కొవ్వుకు రక్తంలో ఆవేశం దాదాపు ఉండదు. ముందుగది, అంటే ఎండోసోమ్, అందులోని పులుపు తగిలాకే ధనావేశం వచ్చి గోడను వదులు చేస్తుంది. (ఆ ఉత్తరం మాత్రం పచ్చడి పెట్టమని కాదు, ఆపమని!) కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలదీ ఇదే కిటుకు.

అయినా ఇలాంటి కొవ్వు ఉండలు మోసుకెళ్లిన ఆర్‌ఎన్‌ఏను ప్రయోగశాలలో కొలిచి చూస్తే, ఎండోసోమ్ దాటి బయటపడింది ఒకటి రెండు శాతమే. నూరుమంది ముసలమ్మలు బయల్దేరితే వంటింటికి ఉత్తరం అందించేది ఇప్పటికీ ఒకరిద్దరే.