మూసిన తలుపు, ఏడవ దినము

లేవీయకాండము పదుమూడవ అధ్యాయమును మనము భక్తిపఠనమునకై తెరచుట అరుదు. అందు మచ్చలు, వాపులు, వానిని పరీక్షించు యాజకుడు, ఇవియే కనబడును. కుటుంబ ప్రార్థనలో ఆ పుటలు వచ్చినప్పుడు పెద్దలు త్వరత్వరగా చదివించి ముందుకు సాగుట నేను చిన్ననాటినుండి చూచితిని. అయితే 2020వ సంవత్సరము మార్చి మాసమున మన ఇండ్ల తలుపులన్నియు ఒక్కసారిగా మూయబడిన తరువాత ఆ అధ్యాయమును మరల చదువగా, అంతకుముందు నా కంటికి ఆనని ఒక సంగతి కనబడెను. అనుమానముగలవానిని యాజకుడు ఏడు దినములు కడగా ఉంచవలెను. ఏడవ దినమున తానే మరల చూడవలెను. నిశ్చయము కుదరనియెడల మరి ఏడు దినములు, ఆ పిమ్మట మరల పరీక్ష. మూయుమను ఆజ్ఞతోపాటే మరల చూడుమను ఆజ్ఞయు అక్కడ ఉన్నది. ధర్మశాస్త్రము వ్యాధిని తేలికగా ఎంచలేదు. అయినను తలుపు మూసి మరచిపోవుటకు యాజకునికి సెలవియ్యలేదు.

ఈ వెలుగులో ఒక ప్రశ్నను పాఠకుల యెదుట ఉంచగోరుచున్నాను. మహమ్మారి కాలమున చిన్నపిల్లల బడిని తెరచుట ధర్మమా, మూసియుంచుట ధర్మమా? కోవిడ్ వలన కలిగిన అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించెను గనుక ఇది గడచిపోయిన మాట అని కొందరు అనవచ్చును. గడచినదానిని నెమ్మదిగా విచారించుకొనుటకు ఇదియే తగిన సమయమని నా తలంపు. భయము నడుమ చేసిన నిర్ణయములను భయము తగ్గిన తరువాతనైనను పరిశీలింపనియెడల, మరియొక తెగులు వచ్చిన దినమున మనము మరల అట్లే చేయుదుము.

మొదట మూయుట తప్పని నేను అనను. ఆ వ్యాధి పసివారిని ఎంత బాధించునో 2020 మార్చిలో ఎవరును నిశ్చయముగా చెప్పలేకపోయిరి. తెలియనిదాని యెదుట ఆగి నిలుచుట వివేకమే. అయితే ఆ ఏప్రిల్ 15 నాటికే డెన్మార్కు దేశము తన బడులను తెరువనారంభించెను. అందును పెద్ద తరగతులవారిని కాదు, పదకొండేండ్లవరకు వయస్సుగల పిల్లలను ముందుగా పిలిచెను. వారిని చిన్న గుంపులుగా విడదీసి, బల్లల నడుమ ఎడము ఉంచి, చేతులు పలుమార్లు కడిగించి, వీలైనంతసేపు ఆరుబయట ఉంచిరి. మన దేశము డెన్మార్కు కాదు. ఇరుకు గదిలో రెండేసి తరగతులు కూర్చుండు బడులు మనకు కలవు. నీటి కొళాయి లేని బడులును కలవు. ఆ భేదమును ఒప్పుకొనవలసినదే. నా ఫిర్యాదు మనము మూసితిమని కాదు. ఏడవ దినమున రాలేదని.

లెక్క చూడుడి. తెలంగాణలో మొదటి తరగతి ముగియుచుండగా 2020 మార్చిలో ఇంటికి పంపబడిన బిడ్డకు, బడి మరల తెరచుటకు ప్రభుత్వము నిర్ణయించిన దినము 2021 సెప్టెంబరు 1. సుమారు 17 నెలలు. ఆ బిడ్డ వచ్చి మూడవ తరగతిలో కూర్చుండెను. రెండవ తరగతి గది ఎట్లుండునో అతడు ఎరుగడు. ఆంధ్రప్రదేశ్ 2021 ఫిబ్రవరి 1న ప్రాథమిక తరగతులను తెరచి, రెండవ ఉధృతిలో ఏప్రిల్ నెలలో మూసి, ఆగస్టు 16న మరల తెరచెను. తమిళనాడులోని ఒకటవ తరగతి పిల్లలు ఆ సంవత్సరము నవంబరు 1 వరకు కనిపెట్టవలసి వచ్చెను. ఉగాండా దేశములో బడులు పూర్తిగా తెరచుకొనుటకు 2022 జనవరి 10 వచ్చినది.

ఇంటివద్ద సెల్‌ఫోనులో చదువుకొనిరి గదా అని అనువారు కలరు. 2021 ఆగస్టు మాసమున జీన్ ద్రెజ్ మున్నగు ఆర్థికవేత్తలు, స్వచ్ఛంద సేవకులు 15 రాష్ట్రములలోను కేంద్రపాలిత ప్రాంతములలోను బీదల వాడలకు వెళ్లి, సుమారు 1,400 మంది పిల్లల ఇండ్లలో విచారించిరి. గ్రామములలో క్రమముగా ఆన్‌లైను పాఠములు వినుచున్నవారు నూటికి 8 మంది. బొత్తిగా చదువు మానివేసినవారు నూటికి 37 మంది. ఇంట ఒకే ఫోను, అది తండ్రితో పనికి పోవును. నా యెరుకలోని ఒక కూలి కుటుంబములో అన్నకు పదవ తరగతి పరీక్ష గనుక ఫోను అన్నది. రెండవ తరగతి చెల్లెలు గుమ్మములో కూర్చుండి అన్న పాఠము వినుచుండెడిది. ఏమి గ్రహించెనో ఆమెకే తెలియవలెను.

ఇక్కడ నీతిశాస్త్రపు చిక్కు ఒకటి ఉన్నది. తెరచుటవలన కలుగు హాని కంటికి కనబడును. దానికి పేరుండును, తేదీయుండును, పత్రికలో చోటుండును. బడి తెరచిన వారమున ఒక ఉపాధ్యాయుడు మరణించినయెడల తెరచినవారినే లోకము అడుగును. మూసియుంచుటవలన కలుగు హానికి పాడె లేదు. అక్షరములు మరచిన బిడ్డకొరకు ఎవరును గంట మ్రోగింపరు. మధ్యాహ్నపు వేడి అన్నము తప్పినందుకును, పదునాలుగేండ్లకే పెండ్లి చేసి పంపబడినందుకును మూసినవాని మీద నేరము మోపబడదు. కావున నిర్ణయించువాడు తన చేతులు శుభ్రముగా ఉండవలెనని కోరినయెడల మూయుటే అతనికి సులభము. ఆ దినములలో చేతులు కడుగుకొనుడని అందరును అందరికిని చెప్పుచుండిరి. పిలాతును కడుగుకొనెను.

అయితే ఇంతమాత్రము చెప్పి, తెరచుటయే ధైర్యము, మూయుట పిరికితనము అని ముగించిన యెడల నేను అన్యాయము చేసినవాడనగుదును. 2020 నవంబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద తరగతులు తెరచినప్పుడు, మూడు దినములలోనే 262 మంది విద్యార్థులకును సుమారు 160 మంది ఉపాధ్యాయులకును వ్యాధి కనబడెను. బడికి వచ్చిన విద్యార్థులు సుమారు 4 లక్షలు, ఉపాధ్యాయులు సుమారు లక్షా 11 వేలు. మూడు దినములలో బయటపడినది ఎక్కువగా ఇంటినుండి తెచ్చుకొన్న వ్యాధియే అయియుండవలెను. దాని పొదుగుకాలము సాధారణముగా అంతకంటె ఎక్కువ. అయినను ఆ సంఖ్యలను భాగించి చూడుడి. ఉపాధ్యాయుల పాలు పిల్లల పాలుకు రెట్టింపు. తెరచిన తలుపువద్ద ఎక్కువ భారము మోసినది ఎవరో తెలియుచున్నది. కర్ణాటకలో 2020 ఆగస్టునుండి ‘విద్యాగమ’ అను పేరట ఉపాధ్యాయులు చెట్లక్రిందను, గుడుల అరుగులమీదను పాఠములు చెప్పిరి. మంచి తలంపే. అయినను వ్యాధి సోకినవన్న వార్తలు రాగా అక్టోబరులో దానిని నిలిపిరి. కొత్త సంవత్సరములో మరల మొదలుపెట్టిరి. చెట్టునీడ ఒక్కటే చాలదు.

మన సంఘములలో మరియొక మాటయు వినబడెను. విశ్వాసముగలవానికి తెగులు అంటదు, మాస్కు అవిశ్వాసమునకు గురుతు అని కొందరు బోధించిరి. దేవాలయ శిఖరముమీద మన ప్రభువు నిరాకరించిన శోధన ఇదియే. మార్టిన్ లూథరు దీనిని బాగుగా ఎరుగును. 1527లో విట్టెన్‌బర్గు పట్టణమున తెగులు ప్రబలగా విశ్వవిద్యాలయమును యేనా పట్టణమునకు తరలించిరి. లూథరు రోగులకొరకు నిలిచిపోయెను. ఆయన ఇల్లే వైద్యశాల ఆయెను. ప్రాణాంతకమైన తెగులునుండి పారిపోవచ్చునా అను ప్రశ్నకు ఆయన అప్పుడు వ్రాసిన జవాబు నేటికిని నిలిచియున్నది. మందులను జాగ్రత్తలను త్రోసివేయువాడు దేవుని శోధించుచున్నాడనియు, తన అవసరము లేనిచోటికి తాను వెళ్లననియు, పొరుగువానికి తన అవసరమున్నచోటు విడువననియు దాని సారము. మూడు సంవత్సరములకు ముందు, 1524లో, జర్మను పట్టణముల అధికారులకు బడులు స్థాపించుడని విన్నవించిన కలమును ఇదియే. ఆ తెగులులో విశ్వవిద్యాలయమును రద్దు చేయలేదు, స్థలము మార్చిరి. పాఠములు యేనాలో సాగెను. పసిపిల్లలను యేనాకు పంపలేము గాని, చదువును గాలి ఆడు చోటికి మార్చగలము.

ద్వితీయోపదేశకాండము ఇరువదిరెండవ అధ్యాయములో క్రొత్త ఇల్లు కట్టువానికి ఒక విధి కలదు: మిద్దెమీదనుండి ఎవడును పడకుండ పిట్టగోడ కట్టవలెను. పడుదురేమో గనుక మిద్దె ఎక్కవద్దని దేవుడు చెప్పలేదు. దేవుడు కాపాడును గనుక గోడ అక్కరలేదనియు చెప్పలేదు. బడికి పిట్టగోడ ఏదనునది నిజమైన ప్రశ్న. మొదటి సంవత్సరమంతయు మనము బల్లలు తుడుచుటలో గడిపితిమి. ఆ వ్యాధి ప్రధానముగా గాలిద్వారా వ్యాపించునని తేటపడిన తరువాత, మందునీళ్లకంటె తెరచిన కిటికీ మేలైనదని తెలిసెను. గదిలో తక్కువమంది, తెరచిన కిటికీలు, జ్వరమున్న బిడ్డ ఇంటివద్ద, టీకా పొందిన ఉపాధ్యాయుడు. వీనిలో బీద బడికి అందనిది లేదు.

అయితే ఈ గోడలో సగము బడి బయట కట్టవలసియున్నది. ఊరిలో వ్యాధి మండుచుండగా బడి గదిలో చల్లగా ఉండదు. ఐదేండ్ల పసివాడు వ్యాధిని పట్టణమునుండి తేడు. పెండ్లికి పోయినవారు, సభకు పోయినవారు, బజారుకు పోయినవారు తెత్తురు. 2021 జూలైలో భారత వైద్య పరిశోధన మండలి అధిపతి బలరామ్ భార్గవ, పిల్లలు ఈ వ్యాధిని పెద్దలకంటె బాగుగా ఓర్చుకొందురు గనుక, తెరచునప్పుడు ప్రాథమిక పాఠశాలలనే ముందుగా తెరచుట మంచిదని చెప్పెను. అయితే ఉపాధ్యాయులు, బస్సు నడుపువారు మున్నగు పెద్దలందరికి టీకా అందవలెననియు చేర్చెను. మనము చేసినది ఏమి? 2020 జూన్ 8న ప్రార్థనాస్థలములకును, హోటళ్లకును, పెద్ద దుకాణములకును ఒకేసారి అనుమతి వచ్చెను. మన ఆలయములు తెరచిరని మనము స్తోత్రము చెల్లించితిమి. ఆ స్తోత్రములో నేనును ఉంటిని. ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలు, చుట్టు వరండా గల ఆ ఆలయము వారమునకు ఆరు దినములు ఖాళీగా నిలిచియుండగా, దాని ప్రక్కనే బడికి తాళము వ్రేలాడుచుండెను. చిన్నవారిని ఆటంకపరచవద్దని ప్రభువు శిష్యులమీద కోపపడిన సంగతిని ఆ వరండాలోనే ఎన్ని పర్యాయములు బోధించితిమో.

నా తప్పు ఇక్కడ చెప్పుకొనవలసియున్నది. నేను మా సంఘపు ప్రాథమిక పాఠశాల కమిటీలో ఒక సభ్యుడను. పలుమార్లు సమావేశమై పలుమార్లు వాయిదా వేసితిమి. మినిట్సు పుస్తకములో ప్రతిసారి నా దస్తూరితోనే, పరిస్థితులు చక్కబడిన తరువాత చూతమని వ్రాసితిని. 2021 ఆగస్టు మొదటి వారమున మరల కూడితిమి. బడిలో పెద్ద ఉపాధ్యాయురాలికి అప్పటికి 57 ఏండ్లు, చక్కెర వ్యాధి. ఆ మే నెలలోనే ఆమె భర్త రెండవ ఉధృతిలో ప్రభువునందు నిద్రించెను. తెరచినయెడల మొదట ఆపదలో నిలుచునది ఆమెయే. కావున ఆమెను చూపి నేను మరల వాయిదా కోరితిని. ఆమె లేచి నెమ్మదిగా ఇట్లనెను:

“అన్నయ్యగారూ, తెరవమని నేను అడగడం లేదు, మూసి ఉంచమనీ అడగడం లేదు. నా పేరు చెప్పి మాత్రం మూయకండి. మళ్ళీ ఎప్పుడు కూర్చుని చూస్తారో ఆ తేదీ పుస్తకంలో రాయండి. ఇంకో మాట. మీ ఇంట్లో పెళ్ళి ఉందిగా, విందు మన హాల్లోనే పెడుతున్నారట. మూడు వందలమంది అందులో భోంచేసి వెళ్ళాక, మర్నాడు నా పిల్లల్ని ఆ వరండాలో కూర్చోపెట్టమంటారా?”

నేను మాట్లాడలేదు. పాస్టరుగారును మాట్లాడలేదు. ఇంటికి పోయి నా తమ్మునితో చెప్పుటకు నాకు ఒక రాత్రి పట్టెను. వాడు రెండు మాసములు నాతో ముభావముగా ఉండెను. విందు మానుకొని, ముప్పదిమందితో ఆలయపు ఆవరణలో వివాహము జరిపితిమి. పిలిచినవారిని వద్దనుట ఎంత అవమానమో మన యిండ్లలో పెండ్లి చేసినవారికి చెప్పనక్కరలేదు. బడికి కట్టవలసిన గోడలో నా పాలు ఇటుక అదియేనని అప్పుడు తోచెను. అదియు ఆమె అడిగినందున పెట్టితినేగాని నాయంతట నేను పెట్టలేదు.

ఆగస్టు 16న బడి తెరచితిమి. ఒకటి, రెండు తరగతులు ఆలయపు వరండాలో సండేస్కూలు చాపలమీద; మూడవ తరగతి వేపచెట్టు క్రింద; మిగిలినవి గదులలో, మేకులు కొట్టియున్న కిటికీలు ఊడదీయించి. సగముమంది ఒక దినము, సగముమంది మరునాడు. మినిట్సులో ఆ దినపు తీర్మానము క్రింద తేదీ వ్రాసితిమి. ఆ తేదీకి కూడితిమి. మరియొక తేదీ వ్రాసితిమి. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు మన రెండు రాష్ట్రములు రెండు త్రోవలు త్రొక్కెను. తెలంగాణ ఆ నెలాఖరువరకు బడులు మూసి ఫిబ్రవరి 1న తెరచెను. ఆంధ్రప్రదేశ్ సంక్రాంతి తరువాత జనవరి 17న యథాప్రకారము తెరచెను. ఏది సరియని ఇప్పుడును తీర్పు చెప్పుటకు నాకు తెగువ చాలదు. తెలంగాణవారు ఈసారి వారములలో లెక్కించిరి, నెలలలో కాదు, అంతమాత్రము గమనించితిని.

ఆ జనవరిలోనే మా నాలుగవ తరగతిలో ఇద్దరు పిల్లలకు జ్వరము వచ్చెను. ఆ ఒక్క గదిని ఏడు దినములు మూసితిమి. ఉపాధ్యాయురాలు ప్రతి ఇంటికి నడిచివెళ్లి వాకిట నిలిచి పిల్లలను చూచి వచ్చుచుండెను. ఎనిమిదవ దినము ఉదయమున నేను వెళ్లునప్పటికి ఆమె తాళపుచెవి పట్టుకొని గుమ్మమువద్ద నిలుచుండెను. కిటికీలు అప్పటికే తెరచియుండెను.